నాకు బానే వస్తోందే!

సాఫ్ట్‌వేరు ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా నేను ఎక్కువసార్లు వాడిన వాక్యం ఏమిటని ఎవరైనా లెక్క తీస్తే "నా దగ్గర బానే పనిచేస్తోందే" అన్నది మొదటి స్థానంలో ఉంటుంది. "ఓసారి కాష్ క్లియర్ చేసి చూడండి" అన్నది రెండోది. నేనామాట అన్నప్పుడల్లా టెస్టింగు టీమువాళ్ళు పళ్ళు నూరుకుంటారని తెలుసు. తెలిసినా అనకుండా ఉండలేం, అదో జబ్బు. కానీ ఆ వాక్యాన్నే ఇంట్లో కన్నకొడుకు దగ్గర నెలన్నర పాటు వాడానన్న సంగతి మాత్రం 2024 మే నెలాఖరు దాకా నాకు తట్టలేదు.

విషయమేంటంటే, ఆ ఏప్రిల్ మొదటి వారంలో మావాడి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. జూన్ ఒకటి నుంచి ఇంటరు. హాస్టల్లో వేస్తున్నాం. ఇంటరు హాస్టలంటే ఏమిటో తెలుగువాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. కంప్యూటరు మాట దేవుడెరుగు, ఇంటికి ఫోను చెయ్యాలన్నా ఆదివారం లైన్లో నించోవాలి. అందుకని మా ఇంట్లో ఓ ఒప్పందం కుదిరింది. ఆ రెండు నెలలూ వాడు ఎంతసేపు ఆడుకున్నా ఎవ్వరూ కిక్కురుమనకూడదు. మా ఆవిడతో సహా.

ఆ కంప్యూటరు మేమిద్దరం కలిసి బిగించుకున్నదే. 2019 చివర్లో, అప్పటికి వాడికి పదకొండేళ్ళు, సికింద్రాబాదు సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటరు లెండి) ఒక్కో కొట్టూ తిరిగి ఒక్కో ముక్కా కొన్నాం. రైజెన్ 5 3600 ప్రాసెసరు, 16 జీబీ మెమరీ, ఆ వరసలో అన్నిటికంటే చవకైన బీ450 మదర్‌బోర్డు. "బోర్డుదేముందిరా, అన్నీ గుచ్చుకోడానికి ఓ పలక. డబ్బులు ప్రాసెసరు మీదా గ్రాఫిక్స్ కార్డు మీదా పెట్టాలి" అని వాడికి జ్ఞానబోధ కూడా చేశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

2023 దసరా సెలవుల్లో దానికి జీర్ణోద్ధరణ చేశాం. సెకండ్‌హ్యాండులో రైజెన్ 7 5800ఎక్స్, అదే సీటీసీలో ఓ కొట్టులో సెకండ్‌హ్యాండు ఆర్టీఎక్స్ 3060 టీఐ. కొత్త ప్రాసెసరు 105 వాట్ల రకం కాబట్టి పాత ఫ్యాను తీసేసి, రేడియేటరూ గొట్టాలూ ఉన్న లిక్విడ్ కూలరు పెట్టాను. అద్దాల పెట్టెలోంచి అది వెలుగుతూ కనిపిస్తుంటే, చెప్పొద్దూ, వాడికంటే నేనే ఎక్కువ మురిసిపోయాను. తర్వాత పదో తరగతి హడావిడిలో ఆర్నెల్లు దాని మీద గుడ్డ కప్పే ఉంది.

గుడ్డ తీసిన వారానికే మొదలైంది. "నాన్నా, గేము మధ్యలో పడిపోతోంది."

"పడిపోవడమంటే?"

"కారు బానే వెళ్తుంటుంది. ఉన్నట్టుండి స్లైడ్‌షో అయిపోతుంది. రెండు మూడు సెకన్లు. మళ్ళీ మామూలే."

ఆ రాత్రి ఆఫీసు కాల్స్ అన్నీ అయ్యాక పదకొండింటికి కూర్చుని చూశాను. వాడు ఆడేది ఫోర్జా హొరైజన్ 5. అందులోనే బెంచ్‌మార్కు ఉంటుంది, మనం ఆడక్కర్లేదు, అదే కారు నడిపి లెక్క చెప్తుంది. మూడుసార్లు పెట్టాను. మూడుసార్లూ సెకనుకి సగటున వంద ఫ్రేములకి పైనే. పొద్దున్నే వాడితో అన్నాను, "నాకు బానే వస్తోందే!"

రెండ్రోజులకి మళ్ళీ చెప్పాడు. మళ్ళీ రాత్రి చూశాను, మళ్ళీ బానే వచ్చింది. నాలుగోసారికి నా బుర్రలో ఓ పురుగు దూరింది. వీడి స్నేహితుడింట్లో ఆమధ్యే 40 సిరీసు కార్డు కొన్నారు. అదన్నమాట సంగతి! "కొత్త కార్డు కావాలంటే సూటిగా అడుగు. ఇలా కథలు చెప్పకు" అనేశాను. వాడేమీ అనలేదు. హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత ఓ పదిహేను రోజులు ఆ ఊసే ఎత్తలేదు. సమస్య తీరిపోయిందనుకున్నా. (ఆఫీసులో కూడా ఇంతే. టికెట్టు కదలకపోతే బగ్గు పోయిందనుకుంటాం.)

మే మొదట్లో ఓ రాత్రి మా ఆవిడ అడిగింది, "వాడెప్పుడైనా మీతో అబద్ధం చెప్పాడా?"

ఆలోచించాను. బంతితో పక్కింటి అద్దం పగలగొట్టిన రోజు కూడా వాడే వచ్చి చెప్పాడు.

అప్పుడిక నిజంగా మొదలుపెట్టాను. మొదట తెలిసొచ్చిందేంటంటే నేను చూస్తున్న అంకే తప్పు. ఎఫ్‌పీఎస్ అనేది సగటు. సెకనుకి 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. కానీ 59 ఫ్రేములు మొదటి అర సెకనులోనే గబగబా వచ్చేసి, అరవయ్యోది మిగతా అర సెకనంతా తినేసినా మీటరు 60 అనే చూపిస్తుంది. చూసేవాడి కంటికి మాత్రం అర సెకను బొమ్మ బిగుసుకుపోయింది. నెలకి సగటున ముప్ఫై రోజులూ నీళ్ళొచ్చాయని జలమండలి లెక్కలో ఉండొచ్చు గానీ, పదిహేను రోజులు రాకుండా ఒక్కరోజే పొంగి పారితే మన బిందెకి ఏం ఒరిగింది? అందుకే ఈ విషయం తెలిసినవాళ్ళు సగటు చూడరు, ఒక్కో ఫ్రేముకి ఎంత సమయం పట్టిందో చూస్తారు, అన్నిటికంటే అధ్వాన్నమైన ఒక్క శాతం ఫ్రేములు ఎలా ఉన్నాయో చూస్తారు. సర్వర్ల రెస్పాన్సు టైముల దగ్గర ఇదే పాఠం జూనియర్లకి నేను క్లాసు పీకుతుంటాను. ఇంటికొచ్చేసరికి మర్చిపోయా.

ఇహ మామూలు పనులన్నీ చేశాను. పాత డ్రైవరు మొత్తం ఊడ్చేసి కొత్తది వేశాను. కార్డుకి పవరిచ్చే వైరు మార్చాను. మానిటరు వైరు కార్డుకే ఉందా, పొరపాట్న మదర్‌బోర్డుకి గుచ్చామా అని చూశాను (నవ్వకండి, నవ్వినవాళ్ళలో ఒకరిద్దరు ఈ పని చేసే ఉంటారు). కొత్త గేములు మొదటిసారి ఆడినప్పుడు షేడర్లు తయారు చేసుకుంటూ తడబడతాయి, అదేమోనని ఓ రోజు వదిలేసి చూశాను. ఏదీ కాదు.

తర్వాత గూగులించగా గూగులించగా ఓ నిధి దొరికింది. 2022 మార్చిలో ఏఎండీ వాళ్ళు ఓ ప్రకటన చేశారు. కొన్ని రైజెన్ సిస్టముల్లో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా భాగం బోర్డు మీదున్న ఫ్లాష్ చిప్పుతో అప్పుడప్పుడూ సుదీర్ఘ సంభాషణ పెట్టుకుంటుంది, అది అయ్యేదాకా కంప్యూటరు మొత్తం క్షణకాలం తడబడుతుంది, కొత్త బయోస్‌తో సరిచేస్తాం అని. విండోస్ 11కి టీపీఎం తప్పనిసరి చేశాక చాలామంది దాన్ని ఆన్ చేసుకున్నారు, అలా బయటపడిందన్నమాట. 2023లో ఇదే ఎఫ్‌టీపీఎం గొడవ మీద లైనస్ టోర్వాల్డ్స్‌కి కూడా చిర్రెత్తుకొచ్చింది. ఇంకేం కావాలి? లైనస్‌కి వచ్చిన కష్టమే మనకీ వచ్చిందంటే అదో గౌరవం కదా! మా బోర్డు బయోస్ చూస్తే 2021 నాటిది. వెంటనే కొత్తది వేశాను.

సమస్య పోయింది! వాడు నాలుగు రోజులు వరసగా ఆడాడు, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను కాలరెగరేసి మా ఆవిడకి ఎఫ్‌టీపీఎం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ పప్పు తిరగమోత పెడుతూ ఓపిగ్గా వింది.

ఆ నాలుగు రోజులూ హైదరాబాదులో వానలు. ఆ రెంటికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. అయిదో రోజు ఎండ కాసింది, సాయంత్రం వాడు నా వైపు చూసి "నాన్నా..." అని ఆగాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఆగాడు. ఆ ఆగడం ఉందే, అది ఆ గేము ఆగడం కంటే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

పైగా "ఇప్పుడు మామూలుగా ఉన్నప్పుడు కూడా ముందంత స్పీడు లేదు" అన్నాడు. చూద్దును కదా, బయోస్ మార్చినప్పుడు సెట్టింగులన్నీ మొదటికి వచ్చేశాయి. 3200 మీద నడవాల్సిన మెమరీ 2133 మీద నడుస్తోంది. ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగు మళ్ళీ ఆన్ చెయ్యాలి, నేను చెయ్యలేదు. అంటే ఉన్న రోగం కుదర్చకపోగా కొత్తది అంటించానన్నమాట. టాస్క్ మేనేజర్లో మెమరీ స్పీడు రాసే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. దాన్ని సరిచేస్తే స్పీడు తిరిగొచ్చింది. స్లైడ్‌షో మాత్రం అలాగే ఉంది.

ఇక మిగిలింది కార్డే అని తీర్మానించేశాను. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకుని, గ్రాఫిక్స్ కార్డులతో తవ్వుకోవడం ఆపేశాక, ఆ తవ్వి తవ్వి అలిసిన కార్డులన్నీ సెకండ్‌హ్యాండు మార్కెట్లోకి వచ్చిపడ్డాయి. 3060 టీఐ అంటే తవ్వేవాళ్ళకి మహా ఇష్టం. మనకి అంటగట్టింది అలాంటిదే! ఓ శనివారం కార్డు ఊడదీసి సంచీలో వేసుకుని సీటీసీకి వెళ్ళాను. అక్కడ నేను మాట్లాడిన తీరు ఇక్కడ రాయను. నలుగురు ఆగి చూశారని మాత్రం చెప్తాను.

ఆ కొట్టబ్బాయికి పాతికేళ్ళుంటాయి. ఏమీ అనకుండా కార్డు తన మిషన్లో పెట్టి, దాన్ని పూర్తిగా కాల్చే పరీక్ష నడిపి, అరగంట నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. టీ కూడా తెప్పించాడు. కార్డు చెక్కుచెదరలేదు. "కార్డుది తప్పు లేదు సార్. మీ బోర్డ్ ఏం పెట్టిన్రు?" అన్నాడు.

"బోర్డుకేమయ్యా, నాలుగేళ్ళుగా నడుస్తోంది."

"ప్రాసెసర్?"

చెప్పాను. అతను బోర్డు పేరు ఇంకోసారి అడిగి, "ఆ బోర్డ్ మీద 5800ఎక్సా సార్!" అని ఊరుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఇతను చెప్పేదేంటని కార్డు సంచీలో వేసుకుని వచ్చేశాను.

అయితే ఆ "సా సార్!" దారి పొడుగునా చెవిలో మోగుతూనే ఉంది.

ఇంటికొచ్చి, పైనుంచి కింద దాకా తెలిసిన ఉద్యోగం చేశాను. లాగ్ పెట్టాను. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఓ ప్రోగ్రాము ఉంది, కంప్యూటర్లో ఉన్న ప్రతి సెన్సారునీ చదివి ఫైల్లోకి రాస్తుంది. మామూలుగా రెండు సెకన్లకోసారి చదువుతుంది, నేను అర సెకనుకి మార్చాను. మావాడికి ఒకటే పని చెప్పాను: "ఆగినప్పుడల్లా టైము ఓ కాయితమ్మీద రాసిపెట్టు." నమ్మకం కుదరని మొహంతోనే సరేనన్నాడు. నేను ఆఫీసుకెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి కీబోర్డు కింద పాత లెక్కల నోట్సులోంచి చింపిన కాయితం. 3:52, 4:07, 4:11... మొత్తం పదకొండు. ఫైలు తెరిచి ఒక్కో టైము దగ్గరికీ వెళ్ళాను. 3:52 దగ్గర గ్రాఫిక్స్ కార్డు వాడకం 97 శాతం నుంచి ఇరవైలకి పడింది. 4:07 దగ్గరా అంతే. నెలన్నరగా నేను అనుమానిస్తున్న కార్డు ఆ క్షణాల్లో ఖాళీగా కూర్చునుంది! పనిలేక. అంటే దానికి పని అందించాల్సినవాడు ఎక్కడో ఆగిపోయాడు. పక్క వరస చూస్తే 4.5 గిగాహెర్ట్జ్ మీద ఉన్న ప్రాసెసరు, సరిగ్గా ఆ క్షణానే, 550 మెగాహెర్ట్జ్‌కి కూలబడింది. మరి ప్రాసెసరేమైనా కాలిపోతోందా అంటే 72 డిగ్రీలే. లిక్విడ్ కూలరు కదా! ఇంకో మూల "ప్రోక్‌హాట్ ఎక్స్‌టర్నల్" అనే గడిలో మాత్రం, మిగతా అంతా "నో" ఉన్నచోట, ఆ టైముల్లోనే "యస్".

ప్రోక్‌హాట్ అంటే వేడెక్కిపోతున్నాను బాబోయ్ అనే కేక. అది ప్రాసెసరే పెట్టక్కర్లేదు, దానికి బయట, బోర్డు మీదున్నవాళ్ళు కూడా పెట్టొచ్చు. అలా బయట్నుంచి కేక వినపడితే ప్రాసెసరు ఎందుకేమిటని అడక్కుండా ఠక్కున కాళ్ళు ముడుచుకుంటుంది. కేక పెట్టిందెవరంటే, నేను "పలక" అని తీసిపారేసిన బోర్డు. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసరుకి కావలసిన 1.3 వోల్టుల దగ్గరికి దించే చిన్న చిన్న భాగాలు కొన్ని సాకెట్టు పక్కనే ఉంటాయి, వీఆర్ఎం అంటారు. గేము నడుస్తున్నప్పుడు ప్రాసెసరు 95 వాట్లు లాగుతోందంటే, 1.3 వోల్టుల దగ్గర అది 70 ఆంపియర్ల పైమాటే. (ఒకటిన్నర టన్నుల ఏసీ లాగేది ఏడో ఎనిమిదో ఆంపియర్లు. వోల్టేజీ వేరనుకోండి, అయినా 70 అంటే 70.) ఖరీదైన బోర్డుల మీద ఈ భాగాలకి అల్యూమినియం దిమ్మలుంటాయి. మా బోర్డుకి లేవు. అయినా నాలుగేళ్ళు ఎలా బతికిందంటే, పాత ప్రాసెసరు తక్కువ తాగేది, పైగా దాని ఫ్యాను కిందికి ఊదే రకం, ఆ గాలి పక్కనున్న వీటికీ తగిలేది. నేను ఎక్కువ తాగే ప్రాసెసరు తెచ్చి, ఆ గాలి పీకేసి, మెరిసే గొట్టాలు పెట్టాను.

మరి రాత్రుళ్ళు నాకెందుకు బాగా వచ్చేది? ఆ గది డాబా కింద, పడమటి గోడ వైపు. మధ్యాహ్నం మూడు తర్వాత కొలిమిలా ఉంటుంది. ఏసీ ఉంది. కానీ కరెంటు బిల్లు చూసి తొమ్మిదిన్నర దాటితే గానీ వెయ్యకూడదని ఇంట్లో ఓ రూలు. ఎవరు పెట్టారంటారా? ఇంకెవరు. నేను పదకొండింటికి 25 డిగ్రీల గదిలో కూర్చుని "నాకు బానే వస్తోందే" అంటున్నాను. వాడు నాలుగింటికి చెమటలు కక్కుతూ ఆడుతున్నాడు.

నిరూపణ కోసం మర్నాడు సెలవు పెట్టి, మధ్యాహ్నం మూడున్నరకి ఇద్దరం కూర్చున్నాం. ఇరవై నిమిషాలకి స్లైడ్‌షో. నా కళ్ళతో అదే మొదటిసారి చూడ్డం. చెప్పినట్టే ఉంది, రెండు మూడు సెకన్లు. పెట్టె పక్క అద్దం ఊడదీసి హాల్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి సాకెట్టు మీదకి తిప్పాను. గంటన్నర ఆడాడు, ఆగలేదు. ఫ్యాను ఆపాను. పావుగంటలో మళ్ళీ వచ్చింది. పెట్టాను, పోయింది. మావాడు ఆ గంటన్నరా ఏమీ మాట్లాడలేదు గానీ, రెండోసారి ఫ్యాను ఆపినప్పుడు స్లైడ్‌షో రాగానే "వచ్చింది! వచ్చింది!" అని ఇద్దరం కలిసి అరిచాం. బగ్గు వచ్చినందుకు అంత సంతోషపడ్డవాళ్ళని మా ఆవిడ అప్పుడే చూసుంటుంది.

తర్వాతదంతా చిన్న పని. బయోస్‌లో ప్రాసెసరు లాగగలిగే హద్దు 142 వాట్ల నుంచి 88కి దించాను. గేములో తేడా కంటికి ఆనలేదు. వీఆర్ఎం మీదకి ఊదేలా అరచేతంత ఫ్యాను ఒకటి ప్లాస్టిక్ టైలతో కట్టాం. కట్టింది వాడే, నా వేళ్ళు అక్కడ పట్టలేదు. ఏసీ రూలు మా ఆవిడ ఏకపక్షంగా రద్దు చేసింది. ఆ ఫ్యాను కొనడానికి 25వ తారీఖు శనివారం మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాను. వేరే కొట్లున్నాయి, కానీ వెళ్ళాలనిపించింది. "బోర్డే కదా సార్?" అన్నాడు నన్ను చూడగానే. అవునన్నాను. ఆ రోజు అలా మాట్లాడి ఉండకూడదు అని కూడా అన్నాను. "అయితది సార్" అని ఫ్యాను చేతికిచ్చాడు. చెప్పిన రేటులో ఒక్క రూపాయి తగ్గించలేదు. అడగడానికి నాకు మొహమూ చెల్లలేదు.

ఇవన్నీ అయ్యేసరికి వాడికి మిగిలింది ఆరు రోజులు. ఆరు రోజులూ ఆడాడు. జూన్ ఒకటిన ట్రంకుపెట్టె, బకెట్టు, పరుపుచుట్టతో దింపి వచ్చాం.

ఆ కాయితం నా దగ్గరే ఉంది. అందులో పదకొండు టైముల్లో పది లాగ్‌తో నిమిషానికి నిమిషం సరిపోయాయి. 5:31 ఒక్కటే దేనికీ అందలేదు. ప్రాసెసరు బానే ఉంది, కార్డు బానే ఉంది, కేకా లేదు. నాకు అలాంటి ఒక్కటి మిగిలిపోతే నిద్ర పట్టదు. జులైలో ఓ ఆదివారం ఫోను చేసినప్పుడు, తిండి సంగతీ దోమల సంగతీ అయ్యాక, ఉండబట్టలేక అడిగేశాను.

"అదా? చెయ్యి జారి ఆల్ట్ ట్యాబ్ నొక్కాను నాన్నా. ఆగిపోయిందనుకుని రాసేశా. తర్వాత తెలిసింది."

"మరి కొట్టెయ్యచ్చు కదరా, లేదా నాతో చెప్పచ్చు కదా."

"చెప్తే మిగతా పదీ కూడా నువ్వు నమ్మవనుకున్నా" అన్నాడు. వెనకాల లైన్లో ఎవరో తొందర పెడుతున్నట్టున్నారు, ఫోను పెట్టేశాడు.